మొక్కజొన్నలో కత్తెర పురుగుకు లింగాకర్షక బుట్ట: ఏం చెబుతుంది, ఏం చెయ్యలేదు

పురుగుమందుల దుకాణంలో లింగాకర్షక బుట్ట (ఆడపురుగు వాసనతో మగపురుగును రప్పించి పట్టే బుట్ట) అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది గరాటు రకమే. పైన ప్లాస్టిక్ మూత, మూత కింద ఎర పెట్టే గూడు, దాని కింద గరాటు, గరాటు అంచుకు తగిలించిన పొడవాటి పాలిథీన్ సంచి. ఈ సమీక్ష ఆ బుట్ట గురించి, అందులో పెట్టే కత్తెర పురుగు ఎర గురించి. ముందే తేల్చి చెప్పేస్తున్నాం: ఇది పురుగును అదుపు చేసే సాధనం కాదు, పురుగు చేలోకి దిగిన తేదీని చెప్పే సాధనం. ఆ పనికి ఇంత చవకైన వస్తువు మరొకటి లేదు. బుట్టలు ఎక్కువ కడితే మందు కొట్టే పనే ఉండదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ఎందుకో అర్థం కావాలంటే పురుగు బతుకు తీరు తెలియాలి. కత్తెర పురుగు, అంటే స్పోడాప్టెరా ఫ్రూజిపెర్డా, అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలది. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ మొక్కజొన్న చేలల్లో కనిపించి, ఆ ఏడాదిలోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు పాకింది. 2020 ఆరంభానికి ఆస్ట్రేలియా చేరింది. 350కి పైగా మొక్కల మీద దీన్ని నమోదు చేశారు గానీ, అసలు ఇష్టం గడ్డిజాతి మీదే. మొక్కజొన్న, జొన్న, సజ్జ, చెరకు, పశువుల మేత గడ్డి అన్నీ దానికి పనికొస్తాయి. అమెరికాలో పచ్చిక బయళ్లను, పెరటి పచ్చికను తినేసే పురుగుగా దీనికి పాత పేరుంది. అక్కడ బెర్ముడా గడ్డి అని పిలిచేది మన గరికే.

గరిక సంగతి ఇక్కడ ఎందుకంటే, ఈ పురుగుకు నిద్రావస్థ లేదు. అమెరికాలో చలికి తట్టుకోలేక దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సాస్ లాంటి వెచ్చని చోట్ల మాత్రమే మిగిలి, ఏటా అక్కడి నుంచి ఉత్తరానికి వలసపోతుంది. మన దగ్గర ఆ చలి లేదు. ఖరీఫ్ మొక్కజొన్న కోసేసరికి రబీది మొలుస్తుంది, మధ్యలో జొన్న ఉంటుంది, గట్ల మీద గడ్డి ఉంటుంది. కాబట్టి ఏ నెలలో విత్తినా పురుగు వస్తుందా రాదా అన్నది ప్రశ్నే కాదు. ఏ రోజు వస్తుందన్నదే ప్రశ్న.

ఆ రోజు తెలిస్తే లాభమేంటో లెక్క వేసి చూడండి. ఆడ రెక్కల పురుగు రాత్రిపూట ఆకు మీద గుడ్లు కుప్పగా పెడుతుంది. మామూలుగా కుప్పకు 100 నుంచి 200 గుడ్లు ఉంటాయి. ఒక్కో గుడ్డు 0.4 మిల్లీమీటర్లు, కుప్ప మీద తన ఒంటి పొలుసులు కప్పడంతో బూజు పట్టినట్టు కనిపిస్తుంది. ఒక ఆడపురుగు జీవితంలో సగటున 1,500 గుడ్ల దాకా పెడుతుంది. వేడి రోజుల్లో అవి 2, 3 రోజుల్లో పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్ల పురుగు ఆకు పచ్చదనాన్ని ఒక వైపు నుంచే గోకుతుంది, రెండో వైపు పొర అలాగే మిగులుతుంది. అందుకే ఆకు మీద కాగితం లాంటి తెల్లటి మచ్చలు పడతాయి. కొన్ని పురుగులు సన్నటి దారం వదిలి గాలికి పక్క మొక్కల మీదికి పోతాయి. ఆ తర్వాత మొవ్వులోకి దిగుతాయి. మొవ్వులో చుట్ట చుట్టుకుని ఉన్న ఆకును కొరకడం వల్ల, ఆ ఆకు విచ్చుకున్నప్పుడు రంధ్రాలు వరసగా కనిపిస్తాయి.

లార్వాకు ఆరు దశలు. మొదటి దశలో పొడవు 2 మిల్లీమీటర్ల లోపే, ఆరో దశకు 34 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో మొదటి మూడు దశలు కలిపి సుమారు ఆరున్నర రోజులు, మొత్తం ఆరు దశలకు సుమారు 14 రోజులు. ఇప్పుడు అసలు అంకె చూడండి: ఈ రెండు వారాల్లో పురుగు తినే ఆకులో మొదటి మూడు దశల వాటా 2 శాతం కూడా ఉండదు. ఐదో దశ 16 శాతం, ఆరో దశ ఒక్కటే 77 శాతం తింటుంది. చేను దెబ్బతిన్నదని దూరం నుంచే తెలిసేసరికి పురుగు ఐదో దశలోనో ఆరో దశలోనో ఉంటుంది. అప్పటికి అది మొవ్వు అడుగున, తడి పొట్టులాంటి తన విసర్జన కింద దాక్కుని ఉంటుంది. మందు అక్కడి దాకా చేరదు, చేరినా పెద్ద పురుగు త్వరగా చావదు.

అంటే బుట్టలో మొదటి మగపురుగులు పడిన రోజు నుంచి లెక్కపెడితే, 3వ రోజు నుంచి 9, 10 రోజుల మధ్యలోనే పని అయిపోవాలి. ఈ ఒక్క వారాన్ని ముందుగా చూపించడమే బుట్ట చేసే మేలు. చలికాలంలో ఈ గడువు సాగుతుంది. గుడ్డు పొదగడం, లార్వా ఎదగడం రెండూ నెమ్మదిస్తాయి. వేసవిలో నెలరోజుల్లో పూర్తయ్యే జీవితచక్రం చల్లని వాతావరణంలో రెండు, మూడు నెలలు పడుతుంది. అందుకే రబీలో ఒక తరం మీద ఇంకో తరం కలిసిపోయి, ఒకే మొక్కజొన్న చేలో అన్ని సైజుల పురుగులూ కనిపిస్తుంటాయి.

ఇక వస్తువు సంగతి. ఎరలో ఉండేది ఆడపురుగు పొట్ట చివరి గ్రంథి నుంచి వదిలే వాసనకు నకలు. ముఖ్యమైనవి రెండు: ఎక్కువ పాలు ఉండే జెడ్-9-టెట్రాడెసినైల్ అసిటేట్, చాలా కొద్దిగా ఉండే జెడ్-7-డోడెసినైల్ అసిటేట్. కొద్దిగా ఉన్నదే కదా అని తీసిపారేసేది కాదు, రెండోది లేకపోతే మగపురుగు సరిగా రాదు. ఈ పాళ్లు కుదరని నాసి ఎర చూడ్డానికి మంచి ఎరలాగే ఉంటుంది. అదే రబ్బరు బిరడా, అదే రేకు కవరు. కొనేటప్పుడు కంటితో తేడా పట్టలేం కనుక కవరు మీది రాతే ఆధారం.

కవరు మీద మొదట చూడాల్సింది పురుగు పూర్తి పేరు. కత్తెర పురుగుకు స్పోడాప్టెరా ఫ్రూజిపెర్డా, పొగాకు లద్దె పురుగుకు స్పోడాప్టెరా లిట్యూరా. దుకాణంలో "స్పోడాప్టెరా ఎర" అని అడిగితే రెండింట్లో ఏదైనా ఇవ్వొచ్చు. లిట్యూరా ఎర వాసన వేరు. దాన్ని మొక్కజొన్నలో పెడితే పక్కనున్న వేరుశనగలోంచో మిరపలోంచో లద్దె పురుగులు వచ్చి పడతాయి, బుట్ట బాగా పనిచేస్తోందని అనుకుంటాం, మొక్కజొన్న మాత్రం పోతుంది. తర్వాత చూడాల్సింది తయారీ తేదీ, గడువు తేదీ, రేకు కవరు చిల్లు లేకుండా ఉందా అన్నది. ఎండ పడే గాజు అలమరాలో వేలాడదీసిన ఎరలు కొనకండి. వేడికి కవరులోనే మందు చెడుతుంది. ఇంటికి తెచ్చాక వాడే దాకా ఫ్రిజ్‌లో, గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

బుట్ట కట్టే తీరు చెప్పుకుందాం. విత్తిన వారంలోనే, మొలక పైకి రాకముందే బుట్ట చేలో ఉండాలి. పురుగు గుడ్లు పెట్టడానికి లేత మొక్కలనే కోరుకుంటుంది కాబట్టి 20వ రోజున కట్టిన బుట్ట మొదటి తరాన్ని చూడదు. గట్టి వెదురు కర్ర పాతి, ఎర ఉన్న గూడు మొక్కల కొసల కంటే అడుగు ఎత్తులో ఉండేలా కట్టాలి. మొక్క పెరిగిన కొద్దీ బుట్టనూ పైకి జరపాలి. చాలామంది ఈ పని మరిచిపోతారు, నెల తిరిగేసరికి బుట్ట ఆకుల్లో మునిగిపోతుంది. మునిగిన బుట్ట నుంచి వాసన బయటికి పోదు, పురుగులు పడవు, పురుగే లేదని పొరపాటు పడతాం. గాలి వచ్చే వైపు కడితే వాసన చేను మీదుగా సాగుతుంది. నైరుతి గాలుల కాలంలో అది పడమటి గట్టు వైపు. మగపురుగు గాలికి ఎదురుగా ఎగిరి వాసన వెంట వస్తుంది.

ఎరను ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. కవరు ఒక మూల కత్తిరించి, కవరుతోనే పట్టుకుని గూట్లోకి జార్చాలి, లేదా తొడుగు వేసుకోవాలి. పొగాకు, పురుగుమందు, సబ్బు వాసనలు అంటిన చేతితో పెడితే ఎర చెడుతుంది. ఒక బుట్టలో ఒకే ఎర. కత్తెర పురుగు ఎర, కాయతొలుచు పురుగు ఎర పక్కపక్కన పెట్టి ఖర్చు కలిసొస్తుందనుకుంటే రెండు పురుగులూ పడటం తగ్గుతుంది. ఒకసారి కత్తెర పురుగుకు వాడిన బుట్టను మరో పురుగుకు మార్చకూడదు, ప్లాస్టిక్‌కు పట్టిన వాసన అంత తొందరగా పోదు. చించిన కవర్లు, పాత ఎరలు చేలో పారెయ్యకండి. అవి కూడా వాసన వదులుతాయి, మగపురుగు బుట్ట దాకా రాకుండా అక్కడే తిరుగుతుంది.

పాలిథీన్ సంచి ఈ బుట్టలో బలహీనమైన భాగం. ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది. గాలికి మెలి తిరిగితే గరాటు నోరు మూసుకుపోతుంది, పడాల్సిన పురుగు వెనక్కి పోతుంది. సంచి అడుగును కర్రకు వదులుగా కట్టాలి, బిగించకూడదు. రాత్రి మంచు, వాన నీరు అడుగున చేరితే పురుగులు కుళ్లి ముద్దవుతాయి, లెక్క తెలియదు. అడుగున సూదితో నాలుగైదు రంధ్రాలు పొడిస్తే ఆ బాధ తప్పుతుంది. చీమలు కర్ర ఎక్కి సంచిలోని పురుగులను తినేస్తాయి, రెక్కలే మిగులుతాయి. కర్ర మొదట్లో జానెడు మేర గ్రీజు పూస్తే చీమలు ఎక్కవు. బల్లులు, సాలీళ్లు కూడా బుట్టలో కాపురం పెడతాయి. లెక్క చూసే ప్రతిసారీ మూత కింద చెయ్యి పెట్టే ముందు చూసుకోండి.

వారానికి రెండు సార్లు, మొదటి మూడు వారాల్లో వీలైతే రోజు విడిచి రోజు, ఉదయాన్నే చూడాలి. సంచి అడుగు విప్పి పురుగులను తెల్ల కాగితం మీద రాల్చండి. బుట్టలో పడేది మగదే. రెక్కలు విప్పితే 32 నుంచి 40 మిల్లీమీటర్లు. ముందు రెక్క బూడిద, గోధుమ రంగులు కలగలిసి ఉంటుంది. రెక్క కొస దగ్గర తెల్లటి మచ్చ, రెక్క మధ్యలో ఏటవాలుగా ఎండుగడ్డి రంగు మచ్చ, ఈ రెండూ ఉంటే అది కత్తెర పురుగు మగదే. వెనక రెక్క మగదానికీ ఆడదానికీ వెండి తెలుపే, అంచున సన్నటి ముదురు గీత ఉంటుంది. ఆడదాని ముందు రెక్క మీద ఇంత స్పష్టమైన మచ్చలు ఉండవు, మొత్తం బూడిదగోధుమే. పొగాకు లద్దె పురుగు రెక్క మీదైతే తెల్లటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. మిథిమ్నా జాతి పురుగులు లేత గడ్డి రంగులో ఉంటాయి, కొసన తెల్ల మచ్చ ఉండదు. ఆఫ్రికాలో, చైనాలో కత్తెర పురుగు ఎరలకు మిథిమ్నా లోరేయీ కూడా పడుతున్నట్టు తేలింది, అందుకే పడినవన్నీ ఒకే ఖాతాలో రాయకూడదు. సంచిలో రాత్రంతా కొట్టుకుంటే రెక్కల పొలుసులు రాలిపోయి కొసన తెల్ల మచ్చ చెరిగిపోతుంది. రోజులు గడిచాక చూస్తే ఏ పురుగో చెప్పడం కష్టం. లెక్కపెట్టాక పురుగులను దూరంగా పారేసి, తేదీ, బుట్ట సంఖ్య, పురుగుల సంఖ్య పుస్తకంలో రాయండి.

పురుగు పడింది కదా అని ఆ పూటే మందు కలపకండి. బుట్ట తేదీ చెప్పింది, ఉధృతి చెప్పేది మొక్కలే. రెండు మూడు రోజుల తర్వాత చేలో ఐదు చోట్ల, చోటుకు 20 మొక్కల చొప్పున చూడండి. తెల్ల కాగితం మచ్చలు, ఆకు అడుగున బూజులాంటి గుడ్ల కుప్పలు, లేత లార్వాలు ఉన్నాయా అని వెతకాలి. పెద్ద లార్వా అయితే తల మీద తిరగేసిన 'వై' అక్షరం, తోక వైపు చివరి నుంచి రెండో భాగం మీద చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. లేత దశలో 5 శాతం మొక్కల మీద నష్టం కనిపిస్తే 5 శాతం వేప గింజల కషాయం, లేదా వేప మందు అజాడిరక్టిన్ 1500 పీపీఎం లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. మొవ్వు బాగా ఎదిగే దశలో 10 నుంచి 20 శాతం మొక్కలకు నష్టముంటే ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం ఎస్.జి. 0.4 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ఎస్.సి. 0.4 మిల్లీలీటర్లు, లేదా స్పైనటోరమ్ 11.7 శాతం ఎస్.సి. 0.5 మిల్లీలీటర్లు లీటరు నీటికి కలిపి, నాజిల్ మొవ్వులోకి తిప్పి, ఉదయమో సాయంత్రమో కొట్టాలి. సయాంట్రానిలిప్రోల్, థయామెథాక్సామ్ కలిపిన మందుతో విత్తనశుద్ధి చేసి ఉంటే మొదటి 15, 20 రోజులు ఆ రక్షణే చాలు, అప్పుడు బుట్టలో పురుగు పడినా ఆకులు చూసి ఆగొచ్చు.

సామూహికంగా పట్టడం గురించి. నిఘాకు ఎకరాకు 5, మగపురుగులను మూకుమ్మడిగా పట్టడానికి 15 అని సిఫారసు ఉంది. 15 కట్టడం తప్పు కాదు, ఇతర పద్ధతులతో కలిపితే కొంత తోడ్పడుతుంది. దాని మీదే ఆధారపడటం తప్పు. ఆడపురుగు ఒక్కటీ బుట్టలో పడదు. ఒక మగపురుగు చాలా ఆడపురుగులతో జతకడుతుంది, కాబట్టి సగం మగవాటిని తీసేసినా మిగిలిన సగం పని కానిచ్చేస్తాయి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి వలస: గాలి కలిసొస్తే ఈ పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా పోగలదు. ఎక్కడో జతకట్టిన ఆడది ఎగిరొచ్చి మీ చేలో గుడ్లు పెడుతుంటే మీ బుట్ట దాన్నేం చెయ్యగలదు? 15 బుట్టల డబ్బులో 10 బుట్టల డబ్బు మిగిల్చి, వేప మందుకో, పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా పరాన్నజీవుల కార్డులకో పెట్టడం మేలని మా అభిప్రాయం.

కోస్తాలో వరి కోశాక దుక్కి దున్నకుండా వేసే మొక్కజొన్నకు బుట్ట ఇంకా అవసరం. లార్వా ఎదిగాక నేలలోకి 2 నుంచి 8 సెంటీమీటర్ల లోతు దిగి, మట్టి గూట్లో ప్యూపాగా మారుతుంది. ఎర్రగోధుమ రంగు, 14 నుంచి 18 మిల్లీమీటర్ల పొడవు. వేసవిలో 8, 9 రోజుల్లో రెక్కల పురుగు బయటికొస్తుంది. లోతుగా దున్నితే ఈ ప్యూపాలు పైకి తేలి ఎండకు మాడతాయి, కాకులు, కొంగలు తింటాయి. దున్నని చేలో ఆ అవకాశమే లేదు. నేల మరీ గట్టిగా ఉంటే పురుగు పైనే చెత్తను అల్లుకుని అందులో ప్యూపా అవుతుంది. అక్కడ పురుగు పుట్టే తేదీని పసిగట్టడం తప్ప మరో దారి తక్కువ.

ఇతర రకాలతో పోలిస్తే, ఆఫ్రికాలో ఎక్కువగా వాడే బకెట్ బుట్ట గరాటు రకం కంటే గట్టిది. పురుగులు చెడకుండా దొరుకుతాయి, పొలుసులు తక్కువ రాలతాయి, ఏళ్ల తరబడి పనికొస్తుంది. ధర ఎక్కువ. బకెట్‌లో పురుగును చంపడానికి మందు పట్టీ కావాలి, లేదంటే అడుగున సబ్బు నీళ్లు పోసి, అవి ఎండిపోకుండా, వానకు పొంగకుండా చూసుకోవాలి. త్రికోణపు జిగురు అట్ట బుట్టలు మొక్కజొన్నకు సిఫారసు చెయ్యం. మొక్కజొన్న చేలో దుమ్ము, పుప్పొడి అంటుకుని జిగురు త్వరగా పనికిరాకుండా పోతుంది, పురుగులు పది పడేసరికి అట్ట నిండుతుంది.

ఖర్చులో మొదటి పంటలో బుట్ట, ఎర రెండూ ఉంటాయి. తర్వాతి పంటలకు సంచి, ఎర కొంటే చాలు, మూత, గరాటు మిగులుతాయి. విత్తిన నాటి నుంచి జల్లు (మొక్క కొసన మగ పూత) వచ్చే దాకా 55, 60 రోజులు నిఘా కావాలి. కంపెనీ చెప్పిన గడువు నాలుగు వారాలైతే బుట్టకు రెండు ఎరలు, అంటే 5 బుట్టలకు 10. ఏప్రిల్, మే ఎండల్లో ఎర త్వరగా ఆవిరైపోతుంది కనుక మూడు వారాలకే మార్చాలి, అప్పుడు 15 అవుతాయి. పక్కపక్క రైతులు ఒకే వారంలో విత్తితే నాలుగైదు ఎకరాలకు కలిపి 5 బుట్టలే కట్టి, లెక్క అందరూ పంచుకోవచ్చు. అందరి చేలల్లోనూ పురుగు దిగే తేదీ ఒకటే అవుతుంది. ఎర మార్చినప్పుడు బుట్ట మీద మార్కర్‌తో తేదీ రాయండి. ఎర అరిగిపోవడంతో తగ్గిన అంకెకు, పురుగు తగ్గడంతో తగ్గిన అంకెకు తేడా ఆ తేదీని బట్టే తెలుస్తుంది. జల్లు వచ్చాక బుట్టలు తీసి, మూత, గరాటు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి, కత్తెర పురుగు అని రాసి వేరే గోతంలో కట్టి పెట్టుకోండి.